'కథ'లో థ ఎందుకుంది? పిల్లల తెలుగు రాతకు మాట పుట్టుకే ఆధారం

ప్రాథమిక తరగతుల తెలుగు వాచకంలో ఏ పాఠం తీసినా చివర అభ్యాసాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఒకచోట తప్పులు దిద్ది రాయమంటారు, ఇంకోచోట ప్రకృతి–వికృతులు (సంస్కృత మాట, అది తెలుగులో మారిన రూపం) జతపరచమంటారు, మరోచోట 'అ' చేర్చి వ్యతిరేక పదాలు రాయమంటారు, ఆ కింద గీత గీసిన పేర్లకు బదులు సర్వనామాలు రాయమంటారు. నాలుగింటికీ వేర్వేరు మార్కులు, వేర్వేరు పీరియడ్లు. పిల్లలు కూడా వాటిని ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు పనులుగానే చూస్తారు. నిజానికి మొదటి మూడూ ఒకే విషయం. మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే అందులో ఏ అక్షరాలు ఉండొచ్చో, దాని ముందు ఏం చేరొచ్చో, చేరినప్పుడు రాత ఎలా మారుతుందో తెలుస్తుంది. నాలుగోది, అంటే సర్వనామం, వీటికి పూర్తిగా వేరు; దాన్ని నేర్పాల్సిన తీరు కూడా వేరు. ఈ సంగతి పట్టించుకోకుండా అన్నింటినీ 'ఖాళీలు పూరించండి'లోకి తోసేస్తున్నాం కాబట్టే ఐదో తరగతి దాటినా, ఆ మాటకొస్తే డిగ్రీ దాటినా 'కధ', 'స్ధలం', 'విద్యార్ధి' మన రాతల్లోంచి పోవడం లేదు.

తెలుగు పలికినట్టే రాస్తాం, స్పెల్లింగు గొడవ ఇంగ్లీషుకే గానీ మనకు లేదు అని చాలామంది అంటారు. అది సగమే నిజం. రాసింది చదవడంలో మనకు పెద్ద ఇబ్బంది లేదు, గుణింతాలూ ఒత్తులూ వచ్చిన పిల్ల ఎన్నడూ చూడని మాటనైనా కూడబలుక్కుని చదివేస్తుంది. విన్నది రాయడం దగ్గరే చిక్కంతా. మామూలు మాటల్లో మనలో ఎక్కువమంది 'భాష'లో భ ని, 'కథ'లో థ ని ఒత్తి పలకం. శ, ష చాలా నోళ్ళలో ఒకటే. 'జ్ఞానం' అని రాసి 'గ్నానం' అనో 'గ్యానం' అనో పలుకుతాం. 'మధ్యాహ్నం' రాతలో హ ముందు, న తర్వాత, నోట్లో మాత్రం అది 'మధ్యాన్నం'. 'కృషి' అన్నామో 'క్రుషి' అన్నామో చెవికి దొరకదు. దీనికి తిరగేసినవీ ఉన్నాయి: 'ఎవరు' అని రాసి 'యెవరు' అన్నట్టు పలుకుతాం, 'ఒకటి' అని రాసి 'వొకటి' అంటాం, 'చలి'లోని చ వేరు, 'చెలి'లోని చ వేరు, అక్షరం ఒకటే. కాబట్టి ఉక్తలేఖనంలో (డిక్టేషన్‌లో) 'కద' అని రాసిన పిల్లను 'సరిగ్గా విను' అని గదమాయించడం అన్యాయం. ఆ పిల్ల సరిగ్గానే విన్నది, వినిపించిందే రాసింది.

మరి చెవికి అందని తేడాను పిల్ల దేన్ని పట్టుకుని గుర్తుపట్టాలి? ఇక్కడే మాట పుట్టుక పనికొస్తుంది. 19వ శతాబ్దం మధ్యలో పరవస్తు చిన్నయసూరి రాసిన బాలవ్యాకరణం మొదలుపెట్టడమే లెక్కతో మొదలుపెడుతుంది: సంస్కృతానికి 50 వర్ణాలు, ప్రాకృతానికి 40, తెలుగుకు 36. ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, థ, ధ, ఫ, భ అనే, ఒత్తి పలికే మహాప్రాణాలూ, శ, ష, ఋ వంటివీ ఆ 36లో లేవు, సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలతో పాటే తెలుగులో వాడుకలోకి వచ్చాయి. ఇది పండితుల కోసం రాసిన విషయంలా కనిపిస్తుంది గానీ రెండో తరగతి టీచరుకు ఇంతకంటే పనికొచ్చేది లేదు. ఇల్లు, ఊరు, నీరు, చెట్టు, కన్ను, ముక్కు, రాయి, ఆకు, పాలు, వాన, మబ్బు, పొద్దు... ఇలాంటి అచ్చ తెలుగు మాటలు ఎన్ని రాసినా ఒత్తి పలికే అక్షరం ఎదురుకాదు. అంటే మొదటి రెండేళ్ళు పిల్లలతో ఈ మాటలే ఎక్కువగా రాయిస్తే, విన్నది విన్నట్టు రాస్తే సరిపోతుందన్న నమ్మకం వాళ్ళకు కలుగుతుంది, ఆ నమ్మకం నిలబడుతుంది కూడా. మనం చేసేది దీనికి పూర్తిగా విరుద్ధం. అక్షరమాల వరసలో పోతూ 'ఘ'కు ఘటం, 'ఝ'కు ఝషం, 'ఢ'కు ఢంకా అని, పిల్ల ఇంట్లో ఎప్పుడూ వినని మాటలతో రాత మొదలుపెట్టిస్తాం.

మినహాయింపులు లేవా అంటే ఉన్నాయి, వాటిని దాచిపెట్టకుండా చెప్పాలి. నలభై, యాభై, ఎనభై, తొంభై అచ్చ తెలుగు అంకెలే అయినా వాటిలో భ ఉంది. పాత రూపాలు నలుబది, ఏబది, ఎనుబది, తొంబది. వాడుకలో మారుతూ వచ్చి భ అయ్యాయి. 'చేశాడు', 'రాశాడు'లో శ ఉంది, చేయడం, రాయడం మాత్రం తెలుగువే. ఈ నాలుగైదు మాటలూ విడిగా గుర్తుపెట్టుకోమంటే పిల్లలు పెట్టుకుంటారు, నియమం చేతిలో ఉన్నవాళ్ళకు మినహాయింపు బరువు కాదు. ణ, ళ సంగతి వేరు, అవి తెలుగులో సొంతంగా ఉన్నవే: వణుకు, అణకువ, కళ్ళు, నీళ్ళు. వీటిని చెవి పట్టుకోగలదు కాబట్టి వినిపించి రాయించడమే మేలు.

మాటల పుట్టుకను పిల్లలకు పరిచయం చేయడానికి వేరే సరంజామా అక్కర్లేదు, తరగతి గదిలో కనిపించే వస్తువులు చాలు. బడి తెలుగు మాట. పుస్తకం సంస్కృతం నుంచి ఉన్నది ఉన్నట్టు తీసుకున్నది, అది తత్సమం. పలక సంస్కృతంలో ఫలకం, తెలుగు నోటికి తగ్గట్టు మారింది, అది తద్భవం. కలం, కాగితం, కుర్చీ, హాజరు, జవాబు అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చాయి. అల్మారా పోర్చుగీసు వాళ్ళ ద్వారా వచ్చింది. బెంచీ, పెన్సిలు, బ్యాగు ఇంగ్లీషువి. గదిలో వస్తువుల పేర్లు బోర్డు మీద రాసి, ఒక్కొక్కటి ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో ఊహించమంటే పిల్లలు పోటీపడి చెబుతారు, చాలాసార్లు తప్పు చెబుతారు, ఫరవాలేదు. తేలాల్సింది ఒకటే, ఒత్తి పలికే అక్షరం కనిపిస్తే ఆ మాట బయటి నుంచి వచ్చిందని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. సంస్కృతం ఒక దారి, ఉర్దూ మీదుగా వచ్చిన ఖాళీ, ఖర్చు, ఫలానా వంటివి ఇంకో దారి. ఇంగ్లీషు మాటల రాత ఇంకా స్థిరపడలేదు, పెన్సిల్ అన్నా పెన్సిలు అన్నా, బెంచి అన్నా బెంచీ అన్నా వాడుకలో ఉన్నవే, వాటికి మార్కులు తగ్గించడం అనవసరం.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ప్రకృతి–వికృతుల పాఠం, బళ్ళలో అన్నిటికంటే నిస్సారంగా సాగేదీ అదే. ఎడమవైపు ఐదు, కుడివైపు ఐదు, గీతలు గీసి కలపండి, అయిపోయింది. కాస్త ఆగి వాటిని పక్కపక్కన పెట్టి చూడండి. భాష–బాస, భక్తి–బత్తి, భోజనం–బోనం. శంఖం–సంకు, ఆకాశం–ఆకసం, సంతోషం–సంతసం. రాత్రి–రాతిరి, శ్రీ–సిరి, నిద్ర–నిద్దుర. యాత్ర–జాతర, యజ్ఞం–జన్నం. అగ్ని–అగ్గి, ముఖం–మొగం, కథ–కత. ఇందులో ఒక క్రమం ఉంది: ఒత్తి పలికే అక్షరం మామూలుదైంది, శ, ష రెండూ స అయ్యాయి, మాట మొదట్లో య ఉంటే జ అయింది, కలిసి ఉన్న రెండు హల్లులు నడుమ అచ్చు చేరి విడిపోయాయి, లేదా రెండూ ఒకటే అయిపోయాయి. ఇప్పుడు మీ పిల్లల ఉక్తలేఖనం తెరిచి వాళ్ళ తప్పులు చూడండి. భాషను 'బాస' అని రాసినవాళ్ళు, కథను 'కత' అనో 'కద' అనో రాసినవాళ్ళు, శక్తిని 'సక్తి' అని రాసినవాళ్ళు, రాత్రిని 'రాతిరి' అని రాసినవాళ్ళు కనిపిస్తారు. శతాబ్దాల కిందట తెలుగు నోళ్ళు ఆ సంస్కృత మాటలను ఏ దారిన మార్చుకున్నాయో, ఈ పిల్లలు ఇంచుమించు ఆ దారినే పోతున్నారు. ఇది తెలిశాక ఆ తప్పును చూసే చూపు మారాలి.

కాబట్టి 'బాస' అని రాసిన పిల్లతో "ఇది తప్పు" అనడం కంటే "నువ్వు రాసిన మాట కూడా తెలుగులో ఉంది, అది వికృతి, ఇక్కడ ప్రకృతి రాయాలి" అనడం మేలు. ఇది ఆ పిల్ల మనసు నొచ్చుకోకుండా చెప్పే తీపి మాట కాదు, అక్షరాలా నిజం. పైగా చాలా జంటల్లో రెండు మాటలూ బతికే ఉన్నాయి, వేర్వేరు అర్థాలు తెచ్చుకున్నాయి కూడా. యాత్ర వేరు, జాతర వేరు. వర్ణం అంటే రంగు, అక్షరం. వన్నె అన్నప్పుడు అందం, మెరుపు ముందుకొస్తాయి. అందుకని జతపరచడం ఆపి, జంటను చూపించి "ఏం మారింది?" అని అడగాలి. నాలుగు జంటలు చూశాక ఒత్తు పోవడం వాళ్ళే కనిపెడతారు. ఆ తర్వాత ఎదురు ప్రశ్న వేయాలి: సింగం దేని నుంచి వచ్చి ఉంటుంది? సంజ దేని నుంచి? 'సింహం' త్వరగానే చెబుతారు, 'సంధ్య' దగ్గర కాస్త ఆలోచిస్తారు. దీపం–దివ్వె, కృష్ణుడు–కన్నడు లాంటివి అంత సూటిగా కనిపించవు, వాటిని ఈ ఆటలో కలపకుండా పక్కన పెట్టాలి. 'వికృతి' అనగానే చెడిపోయిన మాట అనే భావం పిల్లల్లో పడుతుంది, అది పడకుండా చూడాల్సింది టీచరే.

ఇప్పుడు మాట ముందు చేరేవాటి సంగతి. సంస్కృత వ్యాకరణం ఉపసర్గలను 22గా లెక్కపెడుతుంది. ప్రాథమిక తరగతుల్లో ఆ పట్టిక అంతా వల్లె వేయించాల్సిన పని లేదు, ప్ర, పరి, నిర్, వి, అను, అభి, అధి, అతి, ప్రతి, ఉప, సం, దుర్, సు ఇలాంటివి చాలు. మామూలుగా వీటిని అర్థం కోసమే నేర్పుతారు, 'వి' అంటే విశేషంగా, 'సు' అంటే మంచి అని. రాతకు ఇవి చేసే మేలు మాత్రం ఎవరూ చెప్పరు. ఒకే ధాతువు, అంటే ఒకే క్రియామూలం నుంచి వచ్చిన ఈ మాటలు చూడండి: వినయం, అభినయం, అనునయం. ఇంకో మూడు: ప్రణయం, పరిణయం, నిర్ణయం. మొదటి మూడింటిలో న, తర్వాతి మూడింటిలో ణ. తేడా ఎక్కడిది? ప్ర, పరి, నిర్ మూడింటిలోనూ ర ఉంది, వి, అభి, అను లలో లేదు. 'మానం'తో అయ్యే మాటలూ ఇలాగే ఉంటాయి, వాటి ధాతువులు అన్నీ ఒకటి కాకపోయినా రాత మాత్రం ఇదే దారిలో పోతుంది: అనుమానం, అభిమానం, అవమానం, విమానం ఒకవైపు, ప్రమాణం, పరిమాణం, నిర్మాణం మరోవైపు. న రాయాలా ణ రాయాలా అని పెన్ను పట్టుకుని ఆగిపోయే పిల్లకు ముందున్న ర ని వెతకమంటే చాలు.

టీచరు దీని వెనకున్న కారణం కూడా తెలుసుకుంటే మంచిది. ర, ష, ఋ పలికేటప్పుడు నాలుక కొస పైకి మడుచుకుంటుంది, అదే మాటలో తర్వాత న వస్తే ఆ మడత మీదే ణ అవుతుంది. మధ్యలో నాలుక కొసకు వేరే పని తగిలితే, అంటే చ, ట, త వర్గాల అక్షరాలో, ల, శ, స లో అడ్డొస్తే, మడత విప్పుకుంటుంది, న అలాగే మిగులుతుంది. క వర్గం, ప వర్గం, య, వ, హ అడ్డు కావు. రామాయణంలో ర తర్వాత మ, య మాత్రమే ఉన్నాయి కాబట్టి ణ. రసాయనంలో మధ్యలో స పడింది కాబట్టి న. ప్రార్థన, ప్రదర్శన, పరిపాలన, రచన, ప్రయోజనం, ప్రధానం అన్నిట్లోనూ ఏదో ఒకటి అడ్డం పడింది. గ్రహణం, కారణం, వ్యాకరణం, స్మరణలో ఏమీ అడ్డు లేదు. ఉత్తరాయణం, దక్షిణాయనం అని ఎందుకు వేరువేరుగా రాస్తామో కూడా ఇందులోంచే తేలుతుంది: రెండో మాటలో ష ప్రభావం 'క్షిణ'లోని ణ దగ్గరే తీరిపోయింది, ఆ ణ యే తర్వాతి న కు అడ్డు. పూర్వాహ్ణం, అపరాహ్ణంలో ణ, మధ్యాహ్నంలో న, అదీ ఇందుకే. రెండు విడి మాటలు కలిసినచోట ఇది సాధారణంగా పనిచేయదు, అందుకే రామనామం రామణామం కాలేదు. సంస్కృత మాటల రాతలో ఇంత నమ్మకంగా పనిచేసే నియమం ఇంకోటి చూపించడం కష్టం, అయినా మన ప్రాథమిక తరగతుల్లో దీని ఊసే వినపడదు. ఐదో తరగతి పిల్లలకు ఈ మొత్తం సూత్రం చెప్పాలనడం లేదు. రామాయణం, రసాయనం పక్కపక్కన రాసి, మధ్యలో ఏముందో చూడమంటే చాలు.

ష కూడా ఇలాంటిదే, అంత గట్టిది కాదు. ఉపసర్గ చివర ఇ గానీ ఉ గానీ ఉంటే తర్వాత స చాలాసార్లు ష అవుతుంది. ప్రసాదం, విషాదం ఒకే ధాతువు నుంచి వచ్చినవే, ప్ర తర్వాత స, వి తర్వాత ష. ప్రస్థానం, సంస్థానం, వ్యవస్థలో స్థ, ప్రతిష్ఠ, అనుష్ఠానం, అధిష్ఠానంలో ష్ఠ. అభిషేకం, నిషేధం, విషమం కూడా ఈ వరసలోవే. అనుసరణ, విసర్జన, విస్మయం మాత్రం లొంగవు, అందుకే దీన్ని నియమంగా కాక ఒక పోలికగా చూపించి వదిలేయాలి. ఇక 'స్థ' సంగతి వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. స్థానం, స్థితి, స్థిరం, సంస్థ, వ్యవస్థ అన్నీ నిలబడడం అనే అర్థమున్న ఒక్క ధాతువు పిల్లలే, అందరికీ థ యే, స్థలంలోనూ థ యే. స కింద ధ పెట్టి రాసే 'స్ధలం', 'సంస్ధ' అచ్చులో కూడా కనిపిస్తున్నాయి, అవి తప్పు. అలాగే అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. కోరడం, ప్రయోజనం, భావం ఉన్నచోటల్లా థ వస్తుంది: విద్యార్థి, అభ్యర్థి, శరణార్థి, ప్రార్థన, స్వార్థం, పదార్థం, వ్యర్థం, సమర్థుడు. సగం ఉన్నచోట ధ: అర్ధరాత్రి, అర్ధగంట. 'విద్యార్థి'ని పదిసార్లు చూసి రాసిన పిల్లకు వచ్చేది ఆ ఒక్క మాటే, అది కూడా వస్తుందన్న నమ్మకం లేదు. 'అర్థి' అంటే కోరేవాడు, విద్యను కోరేవాడు విద్యార్థి అని తెలిసిన పిల్ల 'శరణార్థి'ని ఎవరూ నేర్పకుండానే సరిగ్గా రాస్తుంది.

ఉపసర్గను విడదీయడం తెలిస్తే జంట అక్షరాలు కూడా వాటంతట అవే సర్దుకుంటాయి. నిశ్శబ్దంలో శ రెండుసార్లు ఎందుకంటే నిస్, శబ్దం కలిశాయి కాబట్టి. నిస్సందేహం, దుశ్శకునం అంతే. ఉత్ చేరినప్పుడు ఆ త తర్వాతి అక్షరం పోలిక తెచ్చుకుంటుంది: ఉచ్చారణ, ఉల్లాసం, ఉన్నతం. అధి, అతి, అభి, ప్రతి తర్వాత ఇ, ఈ కాని అచ్చు వస్తే చివరి ఇ కాస్తా య అవుతుంది, కాని ముందున్న హల్లు పోదు. అధ్యయనం, అధ్యక్షుడు, ఉపాధ్యాయుడిలో ధ అధిది. అత్యవసరం, అత్యంతంలో త అతిది. అభ్యాసంలో భ అభిది. 'అబ్యాసం' అని రాసిన పిల్లకు 'అభి'ని చూపిస్తే ఆ ఒత్తు ఎక్కడిదో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

ఒక జాగ్రత్త ఉంది. ఉపసర్గలు నేర్చుకున్న ఉత్సాహంలో పిల్లలు విత్తనంలో 'వి'ని, ఆకులో 'ఆ'ని విడదీయబోతారు. మళ్ళీ పుట్టుక దగ్గరికే రావాలి: ఇవి సంస్కృతానికి చెందినవి, అచ్చ తెలుగు మాటల ముందు చేరవు. తెలుగుకు ముందు తగిలించడం కంటే వెనక తగిలించడం అలవాటు, మంచితనం, పెద్దరికం, నేర్పరి, పొదుపరి. ముందు చేరేవి ఉన్నా అవి విడిగా అర్థమున్న మాటలే: చిరునవ్వు, పెనుగాలి, మారుపేరు, ముంజేయి, తొలిపొద్దు. వ్యతిరేకార్థం కూడా అంతే. సంస్కృత మాటకు అ చేరుతుంది, అచ్చుతో మొదలైతే అన్ చేరుతుంది: న్యాయం–అన్యాయం, ఉచితం–అనుచితం, ఆరోగ్యం–అనారోగ్యం, అవసరం–అనవసరం. హాజరు అరబ్బీ మాట కాబట్టి దానికి అక్కడిదే గైరు చేరి గైరుహాజరు అయింది. తెలుగు క్రియకైతే వ్యతిరేకం లోపలే పుడుతుంది: తెలిసిన–తెలియని, వచ్చిన–రాని. 'అ చేర్చి రాయండి' అన్న అభ్యాసంలో ఈ మూడు రకాలూ కలిపి ఇచ్చి, దేనికి అ చేరదో కనిపెట్టమంటే అది అసలైన అభ్యాసం అవుతుంది.

సర్వనామాల దగ్గరకొస్తే మొత్తం పద్ధతే మార్చాలి. ఇవి తెలుగు నడిబొడ్డున ఉన్న మాటలు, ఎక్కడి నుంచో తెచ్చుకున్నవి కావు, ఐదేళ్ళ పిల్ల వీటిని తప్పులేకుండా వాడుతూనే బడికి వస్తుంది. ఆ పిల్లకు 'నామవాచకానికి బదులుగా వాడేది సర్వనామం' అనే నిర్వచనం అప్పజెప్పించి ఏం సాధిస్తాం? పైగా అది సరిగ్గా అతకదు కూడా, 'నేను', 'నువ్వు' ఏ పేరుకు బదులు? ఇక్కడ చేయాల్సింది నేర్పడం కాదు, తనకు అప్పటికే తెలిసినదాన్ని గమనించేలా చేయడం.

గమనించడానికి ఎంతో ఉంది. ఆ, ఈ, ఏ అనే మూడు అచ్చుల మీద ఒక పెద్ద వ్యవస్థ నడుస్తోంది: అది ఇది ఏది, అక్కడ ఇక్కడ ఎక్కడ, అప్పుడు ఇప్పుడు ఎప్పుడు, అంత ఇంత ఎంత, అలా ఇలా ఎలా. దూరానికి అ, దగ్గరకు ఇ, ప్రశ్నకు ఎ. రెండో తరగతి పిల్లకు ఒక గడి ఖాళీ వదిలిన పట్టిక ఇస్తే సులువుగా నింపుతుంది. ఇంకో మెట్టు ఎక్కితే, 'అది' మీద ప్రత్యయం చేరినప్పుడు 'దాని', 'ఇది' మీద 'దీని', 'ఏది' మీద 'దేని'. 'అవి, ఇవి, ఏవి' కాస్తా 'వాటి, వీటి, వేటి'. ఆ మూడు అచ్చులే దీర్ఘమై లోపలికి జరిగాయి. ఇంగ్లీషు మీడియంలో చదువుతూ తెలుగు తక్కువగా రాసే పిల్లలు 'అవిని', 'ఏదిని' అని రాయడం మొదలుపెడితే చూపించాల్సింది ఈ వరసే.

క్రియతో కలిపి చూస్తే ఇంకా బాగుంటుంది. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది. ఆమె, ఆవు రెండింటికీ ఒకే క్రియ, అన్నయ్యకు మాత్రం వచ్చాడు. అదే బహువచనంలో ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి వచ్చారు, ఆవులు మాత్రం వచ్చాయి. అంటే ఒక్కరున్నప్పుడు తెలుగు విడదీసే గీత ఒకచోట, ఎక్కువమంది ఉన్నప్పుడు గీత మరోచోట. వ్యాకరణంలో మహత్తు, మహతీ, అమహత్తు అని చెప్పేది దీన్నే, ఆ పేర్లు పిల్లలకు తర్వాత ఎప్పుడైనా చెప్పుకోవచ్చు. గౌరవం ఇంకో పొర: వాడు, అతను, ఆయన, వారు, పెద్దావిడ గురించి చెప్పేటప్పుడు 'వచ్చింది' పోయి 'వచ్చారు' అవుతుంది. ఒకే చిన్న కథను మొదట పిల్లి గురించి, తర్వాత చెల్లి గురించి, ఆ తర్వాత తాతయ్య గురించి తిరగరాయమంటే సర్వనామం, క్రియ రెండూ కలిసి ఎలా కదులుతాయో పిల్లలకు చేతిలోకి వస్తుంది. గీత గీసిన పేరు కొట్టేసి 'అతడు' రాయడం కంటే ఇది వంద రెట్లు నయం.

మేము, మనం తేడా మాట్లాడేటప్పుడు ఏ పిల్లా తప్పదు, వింటున్నవాళ్ళను కలుపుకుంటే మనం, లేకపోతే మేము. రాతలో చిక్కు వేరేచోట ఉంది, ఎవరి గురించి చెబుతున్నారో తెలియకపోవడం. 'రవి గోపీని కలిశాడు, అతను కోపంగా ఉన్నాడు' అని రాస్తే కోపం ఎవరిది? ఇలాంటి వాక్యాలు పిల్లల రాతల్లోంచే తీసి, ఎవరి పేరూ చెప్పకుండా బోర్డు మీద పెట్టి బాగుచేయించాలి. తెలుగులో దీనికి మంచి పనిముట్టు ఉంది, 'తాను'. 'రవి తాను వస్తానని చెప్పాడు' అంటే వచ్చేది రవే, 'రవి అతను వస్తాడని చెప్పాడు' అంటే ఇంకెవరో. అలాగే వచ్చాను, వచ్చావు, వచ్చాడు అన్నప్పుడు ఎవరో క్రియే చెప్పేస్తోంది కాబట్టి ప్రతి వాక్యంలో 'నేను' అక్కర్లేదు. 'నేను లేచాను, నేను స్నానం చేశాను, నేను బడికి వెళ్ళాను' అని రాసే పిల్లతో రెండు 'నేను'లు కొట్టేయించి చదివించండి, తేడా ఆమెకే వినిపిస్తుంది.

చివరగా అభ్యాసం చేయించే తీరు. చూచిరాత చేతివ్రాతకు మంచిది, రాత తప్పులకు దాంతో ఒరిగేది తక్కువ, ఎదురుగా మాట ఉన్నప్పుడు గుర్తు తెచ్చుకునే పనే పడదు. చూసి, మూసి, గుర్తు తెచ్చుకుని రాసి, తెరిచి సరిచూసుకోవడం, మళ్ళీ రెండు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి, ఇది పదిసార్లు ఒకేరోజు రాయడం కంటే ఎంతో గట్టిగా నిలుస్తుంది. ఉక్తలేఖనానికి మాటలు ఎక్కడెక్కడినుంచో ఏరకుండా ఒక్కోసారి ఒక్కో కుటుంబం నుంచి ఇవ్వాలి, ఒక వారం అర్థి, ఇంకో వారం స్థ, మరో వారం జ్ఞ: విజ్ఞానం, అజ్ఞానం, ప్రజ్ఞ, ఆజ్ఞ, కృతజ్ఞత. ఐదింటిలో నాలుగు ముందే చెప్పినవి, ఒకటి ఆ కుటుంబానిదే కొత్తది ఉండాలి, ఆ కొత్తదాన్ని సరిగ్గా రాశారంటే విషయం అందిందని అర్థం. మాట పుట్టుక మీద టీచరుకే అనుమానం వస్తే శబ్దరత్నాకరం లాంటి నిఘంటువు తీయాలి, మాట సంస్కృతానిదో దేశ్యమో (అచ్చ తెలుగుదో) అక్కడ గుర్తు వేసి ఉంటుంది. నాలుగు, ఐదు తరగతుల పిల్లలను కూడా పక్కన కూర్చోబెట్టుకుని వెతకడం ఇంకా మంచిది. దిద్దేటప్పుడు 'వాళ్ళు'నూ 'వాళ్లు'నూ, 'చేశాను'నూ 'చేసాను'నూ తప్పుల్లో కలపకండి, రెండు రకాలుగా రాసేవాళ్ళు ఉన్నారు, బడిలో ఏదో ఒకటి ఎంచుకుని అదే వాడితే సరిపోతుంది. ఎర్ర సిరా 'స్ధలం' మీద, 'విద్యార్ధి' మీద పడనివ్వండి, పక్కన సరైన మాటతో పాటు దాని కుటుంబంలోని ఇంకో మాట కూడా రాయండి.